మాల వేస్తే మానేవాణ్ణి

2022 కార్తీకంలో భవానీ మాల వేసుకున్న రెండో రోజు పొద్దున్నే, స్నానం చేసి ఎర్ర పంచె కట్టుకుంటూ బాత్రూమ్ గుమ్మంలోనే పడిపోయాను. నాకు గుర్తున్నది పంచె అంచు చేతిలోంచి జారిపోవడం, కుడి చెయ్యి దానంతట అదే గుంజుకోవడం, అంతే. మిగతాదంతా మా ఆవిడ చెప్పింది. కళ్లు తేలేశానట, పళ్లు గిట్టకరిచానట, నాలుక తెగి నోటి పక్కనుంచి రక్తంతో కలిసిన నురగ. మా అమ్మాయి అప్పుడు ఇంటర్ ఫస్టియర్. ఎవరో అరిస్తే పరిగెత్తుకెళ్లి తాళాల గుత్తి తెచ్చి నా గుప్పిట్లో పెట్టింది. తాళాలతో ఏమీ కాదని, మనిషిని పక్కకి తిప్పి పడుకోబెట్టి తల కింద మెత్తగా ఏదైనా పెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లాలని తర్వాత తెలిసింది మాకు. కింద పోర్షన్ పెద్దావిడ మాత్రం "నియమం తప్పాడు, అమ్మవారికి కోపం వచ్చింది" అనేసింది. మా ఆవిడ ఆ మాట నమ్మి చాలా రోజులు ఏడ్చింది.

నేను నియమం తప్పలేదు. నియమం పాటించాను కాబట్టే పడిపోయాను. రోజూ హాఫ్ బాటిల్ తాగే మనిషిని, పొద్దున్నే నైంటీ పడితే గానీ చేతులు నిలవని మనిషిని, మాల కోసం ఒక్క రోజులో మొత్తం ఆపేశాను. అలా ఆపడం ప్రాణం మీదకి తెస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు. మాల వేసిన గురుస్వామికీ తెలియదు, మా ఇంట్లోవాళ్లకీ తెలియదు. అందుకే ముందుగా ఇది రాస్తున్నాను: మీ ఇంట్లో పొద్దున్నే చేతులు వణికే తాగుబోతు ఎవరైనా దీక్ష కోసమో, ఒట్టు కోసమో, పెళ్లాం ఏడ్చిందనో మానేస్తానంటే సంతోషించండి, కానీ ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మాల ఒక వారం ఆలస్యంగా వేసుకోవచ్చు.

మాది విజయవాడలో కృష్ణలంక. ఆటోనగర్లో కమాన్ కట్టల షాపు, మా నాన్న పెట్టింది. లారీల కింద కుదుపు ఆపే కమాన్ పట్టీలు విరిగితే మార్చడం, కుంగిపోయినవి కొలిమిలో కాల్చి వంపు తెప్పించడం మా పని. పని కష్టం, సాయంత్రానికి ఒళ్లు హూనం అవుతుంది, శనివారం బట్వాడా అయ్యాక పనివాళ్లతో కలిసి ఒక క్వార్టర్, అలా మొదలైంది నాకు ఇరవై మూడేళ్లప్పుడు. శనివారం కాస్తా రోజూ అవ్వడానికి ఐదేళ్లు పట్టింది. ఆ వివరాలు చెప్పను, తాగేవాళ్ల కథలన్నీ అక్కడిదాకా ఒకేలా ఉంటాయి.

నా కథలో వేరుగా ఉన్నది మాల. 2009 నుంచి ఏటా భవానీ దీక్ష తీసుకునేవాణ్ణి. 41 రోజులు చుక్క ముట్టేవాణ్ణి కాదు. నేల మీద పడక, చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం, షాపుకొచ్చే డ్రైవర్లు కూడా పేరు పెట్టి పిలవకుండా "భవానీ" అనేవాళ్లు. నిజం చెప్తున్నాను, ఆ రోజుల్లో మందు గుర్తుకే వచ్చేది కాదు. విరమణ రోజు ఇంద్రకీలాద్రి చుట్టూ గిరి ప్రదక్షిణ చేసి, ఇరుముడి సమర్పించి, మాల తీసి ఇంటికొచ్చి నిద్రపోయి లేచి షాపుకెళ్తే, ఆ సాయంత్రమే గ్లాసు చేతిలో ఉండేది. ప్రతి ఏడాదీ ఇదే. అందుకే మా అమ్మ దగ్గర్నుంచి మా మామగారి దాకా అందరిదీ ఒకటే ప్రశ్న: "మాల వేస్తే మానేవాడివి, మామూలప్పుడు ఎందుకు మానలేవురా?" దానికి నా దగ్గర జవాబు ఉండేది కాదు. నాకు దేవుడి భయం తప్ప ఇంకే భయమూ లేదని, పెళ్లాం పిల్లలంటే లెక్క లేదని, అందుకే మానడం లేదని వాళ్లు అనుకున్నారు. కొన్నాళ్లకి నేనూ అదే నమ్మాను. నా గురించి నేను అంత నీచంగా నమ్మాక మానడానికి ఇంకేం మిగులుతుంది?

2018 తర్వాత దీక్ష మొదటి మూడు రోజులు కష్టంగా ఉండేవి. చెమటలు, నిద్ర పట్టకపోవడం, చేతుల్లో వణుకు. దాన్ని భక్తి అనుకున్నారు, "అమ్మ ఒంట్లోకి వస్తోంది" అన్నారు. ఒక్కో ఏడాది వణుకు పెరుగుతూ వచ్చింది. ఇలా పదే పదే ఒక్కసారిగా ఆపి మళ్లీ తాగి మళ్లీ ఆపితే ప్రతిసారీ మెదడు ఇంకాస్త తీవ్రంగా ఎదురు తిరుగుతుందని, దీనికి డాక్టర్లు కిండ్లింగ్ అని పేరు పెట్టారని తర్వాత తెలిసింది. చితుకులు ఒక్కొక్కటే పేర్చి మంట రాజేయడం అన్నమాట. నేను పదమూడేళ్లు చితుకులు పేర్చాను.

ఫిట్స్ వచ్చిన రోజు దగ్గర్లోని చిన్న నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్లారు. నీరసం అన్నారు, ఉపవాసాల వల్ల అన్నారు, రాత్రంతా ఉత్త గ్లూకోజు ఎక్కించారు. తాగుతాడా అని ఎవరూ అడగలేదు. దీక్షలో ఉన్న మనిషి కదా, మావాళ్లూ సిగ్గుపడి చెప్పలేదు. మర్నాటికి నాకు మతి తప్పింది. దుప్పటి మీద ఇనప రజను పడిందని ఏరుతున్నానట. మంచం పట్టీ పట్టుకుని లేని సెంటర్ బోల్టు బిగిస్తూ, "పానా ఇవ్వరా, పానా ఇవ్వరా" అని మా బావని కసురుతున్నానట. మా బావ లెక్చరర్, జన్మలో పానా పట్టుకోలేదు, పాపం ఆయన నిజంగానే చేతిలో ఉన్న స్పూన్ ఇచ్చాడట. అప్పుడు అక్క పట్టుబట్టి పెద్దాస్పత్రికి మార్పించింది. అక్కడ డ్యూటీ డాక్టర్ నన్ను చూడగానే అడిగిన మొదటి మాట "ఆఖరి సారి తాగింది ఎప్పుడు?" మా ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టి మూడు రోజులంది.

ఆ లెక్కకి అర్థం ఉంది. రోజూ బాగా తాగేవాడు ఆపితే ఫిట్స్ సాధారణంగా మొదటి ఆరు గంటల నుంచి 48 గంటల్లోపు వస్తాయి. మతి తప్పడం, లేనివి కనిపించడం, జ్వరం, గుండె దడ, ఇవన్నీ కలిసి రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య వస్తాయి. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, సరైన వైద్యం అందకపోతే మనిషి చనిపోవచ్చు కూడా. వాళ్లు ముందుగా బి1 విటమిన్ ఇంజక్షన్లు మొదలుపెట్టారు. గ్లూకోజుని ఖర్చు పెట్టడానికి మెదడుకి బి1 కావాలి, ఏళ్ల తరబడి తాగినవాళ్లలో అది అడుగంటిపోయి ఉంటుంది, ఆ స్థితిలో బి1 లేకుండా ఉత్త గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. వెర్నికె జబ్బు అంటారు, 1881లో దాన్ని వర్ణించిన డాక్టర్ పేరు మీద. చూపు, నడక, మతి మూడూ దెబ్బతింటాయి, ముదిరితే జ్ఞాపకశక్తి మళ్లీ రాదు. నాకు అంతదాకా పోలేదు. ఒక రాత్రి తేడాతో బయటపడ్డానని ఇప్పటికీ అనిపిస్తుంది.

నర్సు కొన్ని గంటలకోసారి ఒక కాగితం పట్టుకుని వచ్చేది. చేతులు చాపండి, వేళ్లు విడదీయండి, చర్మం మీద ఏమైనా పాకుతున్నట్టుందా, వెలుతురు చూస్తే కళ్లు గుచ్చుకుంటున్నాయా, ఇవాళ తేదీ ఎంత, ఇలా పది విషయాలు చూసి మార్కులు వేసేది. ఆ మార్కుల్ని బట్టి నిద్రమాత్రల జాతి మందు డోసు పెంచడం, తగ్గించడం. వారం రోజుల్లో మెల్లిగా దించేశారు. నాకు వచ్చిన మొదటి ఆలోచన, మందు మాన్పించడానికి మత్తు మందు ఇస్తున్నారేంటి అని.

దానికి జవాబు మా సైకియాట్రిస్ట్ మేడమ్ చెప్పారు, నా భాషలో. "మీ దగ్గరికి బ్రేకులు పట్టేసిన బండ్లు వస్తుంటాయా?" అని అడిగారు. కమాన్ పనికి వచ్చినవాటిలోనే బోలెడు వస్తాయండీ, లైనర్లు డ్రమ్ముకి అతుక్కుపోయి ఉంటాయి, డ్రైవర్‌కి తెలియదు, బండి లాగట్లేదని ఎక్స్‌లేటర్ తొక్కుతూనే ఉంటాడు అన్నాను. "మీ తలకాయలో జరిగింది అదే" అన్నారు. మెదడుని నెమ్మది పరిచే రసాయనం ఒకటుంది, గాబా. ఉరకలెత్తించేది ఇంకొకటి, గ్లూటమేట్. తాగే మందు ఆ బ్రేకుని గట్టిగా నొక్కుతుంది, ఈ ఎక్స్‌లేటర్‌ని అణుస్తుంది, అందుకే మొదట్లో హాయిగా ఉంటుంది. కానీ రోజూ బ్రేకు పడుతుంటే మెదడు చూస్తూ ఊరుకోదు, బండి నడవాలి కదా, బ్రేకు పట్టు తగ్గించుకుంటుంది, ఎక్స్‌లేటర్ పెంచుకుంటుంది. అలా ఏళ్లు గడిచాక ఒక రోజు మందు తీసేస్తే ఇంకేముంది, అరిగిపోయిన బ్రేకు, పూర్తిగా తొక్కి పట్టిన ఎక్స్‌లేటర్. బండి ఎగిరిపడుతుంది. ఆ ఎగిరిపడడమే బాత్రూమ్ గుమ్మంలో నేను పడిపోవడం. వాళ్లిచ్చిన మాత్రలు కూడా ఆ బ్రేకు మీదే పనిచేస్తాయట, అయితే లెక్క ప్రకారం, రోజురోజుకీ కొంచెం వదులుతూ.

ఇరవై ఏళ్లుగా నాకు బుద్ధి లేదన్నారు, సిగ్గు లేదన్నారు. లోపల ఏం జరుగుతుందో చెప్పింది ఆవిడే మొదటి మనిషి.

మా ఆవిడకి ఒక అనుమానం, స్కాన్ తీస్తే తాగుడు జబ్బు కనపడుతుంది కదా అని. పడినప్పుడు తలకి దెబ్బ తగిలిందని, లోపల రక్తం ఏమైనా కారిందేమో చూడాలని సీటీ స్కాన్ తీశారు, అది వేరే సంగతి. ఒక మనిషికి వ్యసనం ఉందా లేదా అని తేల్చే స్కాన్ లేదని మేడమ్ చెప్పారు. పరిశోధనల్లో చాలామందిని కలిపి చూస్తే తేడాలు కనపడతాయి. అమెరికాలో నోరా వోల్కో అనే శాస్త్రవేత్త పెట్ (PET) అనే రకం స్కాన్లతో, వ్యసనం ఉన్నవాళ్ల మెదడులో, ఏదైనా కావాలనిపించేలా చేసే డోపమైన్ అనే రసాయనాన్ని అందుకునే డీ2 అనే గ్రాహకాలు తక్కువగా ఉంటున్నాయని చూపించారు. కానీ నన్నొక్కణ్ణి గొట్టంలో పడుకోబెట్టి చెప్పేది కాదు అది. మరి జబ్బుని కొలిచేది దేనితో అంటే ప్రశ్నలతోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ అనే పది ప్రశ్నల కాగితం ఉంది. మొత్తం 40 మార్కులు. 8 గానీ ఆపైన గానీ వస్తే తాగుడు హాని చేసే దారిలో ఉన్నట్టు, 20 గానీ ఆపైన గానీ వస్తే డిపెండెన్స్, అంటే తాగకుండా ఉండలేని స్థితి, ఉందేమో గట్టిగా చూడాలి. నాకు 29 వచ్చింది. అదీ నేను రెండు మూడు చోట్ల తగ్గించి చెప్తే. మా ఆవిడని విడిగా కూర్చోబెట్టి అడిగారు, ఆవిడ ఏం చెప్పిందో నేను ఇప్పటికీ అడగలేదు.

ఇంకొన్ని పరీక్షలు పెట్టారు. గడియారం బొమ్మ గీసి పదకొండూ పది చూపించమన్నారు, ముళ్లు తప్పు పెట్టాను. అంకెలు చెప్పి వెనక నుంచి చెప్పమన్నారు, మూడు అంకెల తర్వాత తడబడ్డాను. పట్టీ మందం కంటితో చూసి చెప్పగలిగే నేను నాలుగు అంకెలు తిప్పి చెప్పలేకపోయాను. నుదురు వెనక ఉండే మెదడు భాగం, ముందు చూపు, ఆగడం, ఆలోచించి నిర్ణయించడం చూసుకునేది, తాగుడుతో బలహీనపడుతుందట. ఒట్టు పెట్టుకునేదీ ఆ భాగమే, ఒట్టు నిలబెట్టాల్సిందీ ఆ భాగమే. దెబ్బ తిన్నది సరిగ్గా అదే. కాబట్టి మొదటి నెలల్లో ఒట్ల మీద ఆధారపడవద్దు, ఏర్పాట్ల మీద ఆధారపడమన్నారు.

మందుల సంగతి కొంచెం చెప్తాను. తాగాలనే లాగుడు తగ్గించడానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అని రెండు ప్రధానంగా వాడతారు. నాకు లివర్ పరీక్షలు బాగా తేడాగా ఉండడంతో అకాంప్రోసేట్ ఇచ్చారు, అది లివర్ మీద భారం పడకుండా కిడ్నీల ద్వారా బయటికి పోతుంది. 333 మిల్లీగ్రాముల బిళ్లలు, పూటకి రెండు, రోజుకి ఆరు. డైసల్ఫిరామ్ అని పాత మందు ఇంకొకటి ఉంది. శరీరం ఆల్కహాల్‌ని విరగ్గొట్టే పనిని అది సగంలో ఆపేస్తుంది, ఆ సగంలో ఆగిన విషం పేరుకుని ముఖం ఎర్రబారడం, గుండె దడ, వాంతులు వస్తాయి. ఆ భయంతో తాగకుండా ఉంటారు. మనిషికి తెలిసి, ఒప్పుకుని, డాక్టర్ చూస్తుండగా వాడాల్సిన మందు అది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, 2020లో మా అత్తగారు ఎవరో చెప్పారని ఒక పొడి తెప్పించి నాకు తెలియకుండా కూరల్లో కలిపించారు. ఆ రాత్రి తాగాక నా గుండె ఎగిరి నోట్లోకి వస్తుందనుకున్నాను. ఆ పొడిలో ఏముందో ఎవరికీ తెలియదు, అదే మందు అయ్యుండొచ్చని మేడమ్ అనుమానం. అత్తగారి మీద నాకు కోపం లేదు, ఆవిడ కూతురి కోసం చేసింది. కానీ దయచేసి ఎవరూ అలా చేయకండి, మనిషి పోతాడు.

ఐదు నెలలు ముట్టలేదు. తర్వాత, 2023 ఉగాది వెళ్లిన కొన్ని రోజులకి, తాగాను.

ఆ సాయంత్రాన్ని నేను మేడమ్ ముందు గంట గంటకీ విప్పి చెప్పాల్సి వచ్చింది కాబట్టి ఇప్పటికీ కళ్లకి కట్టినట్టు గుర్తుంది. షాపులో కుర్రాడు సెలవు పెట్టాడు. మధ్యాహ్నం భోజనం సరిగా పడలేదు. ఆరున్నరకి కొలిమి ఆర్పి, కొక్కెం తగిలించి షట్టర్ నేనే దించాను. ఆస్పత్రి నుంచి వచ్చాక రోజూ కుర్రాడే దించుతున్నాడు, నేను దించడం అదే మొదటిసారి. ఆ షట్టర్ మా నాన్న కాలం నాటిది, దిగేటప్పుడు గరగరమని పైనుంచి కిందికి ఒక పొడుగాటి చప్పుడు, చివర్న నేలకి తగిలి ధనామని ఒకటి. ఆ ధన్ అన్న చప్పుడుతోపాటు నా నోట్లో నీళ్లూరాయి. ఒట్టు, అక్షరాలా నీళ్లూరాయి. తాగాలని నేను నిర్ణయించుకున్న క్షణం ఏదో నాకు గుర్తు లేదు, కాళ్లు నడుస్తున్నాయి అంతే. ఇంకో సంగతి, మొదటి గుక్క నాకు నచ్చలేదు. చేదుగా, వెగటుగా ఉంది. వెగటుగా ఉందనుకుంటూనే ఇంకోటి పోసుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత అక్క తీసుకెళ్తే మేడమ్ ముందు తలవంచుకుని కూర్చున్నాను. ఆవిడ ముందు వణుకు చూసి మందు రాశారు. తిట్టలేదు. దారిలో ఆగిపోయిన బండి గురించి డ్రైవర్‌ని అడిగినట్టు అడిగారు, ఏం తిన్నారు, ఎవరు కలిశారు, ఏం విన్నారు, ఏ వాసన వచ్చింది. షట్టర్ దగ్గరికి రాగానే పెన్ను ఆపారు.

1990ల్లో వోల్‌ఫ్రమ్ షుల్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మీద చేసిన ప్రయోగాల గురించి అప్పుడు చెప్పారు. కోతికి పళ్ల రసం చుక్క ఇస్తే దాని మెదడులో డోపమైన్ కణాలు చురుగ్గా కదిలాయి. ప్రతిసారీ రసానికి ముందు ఒక సంకేతం ఇవ్వడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకి ఆ కణాలు రసానికి కదలడం మానేసి, సంకేతానికే కదలడం మొదలుపెట్టాయి. సంకేతం ఇచ్చి రసం ఇవ్వకపోతే రావాల్సిన సమయానికి మామూలు కంటే కిందికి పడిపోయాయి. నా రసం క్వార్టరు, నా సంకేతం షట్టరు. ఇరవై ఏళ్లు, ఏడాదికి మూడొందల రోజులు, ఆ చప్పుడు తర్వాత మందు వచ్చిందని మెదడు నేర్చుకుంది. ఆ పాఠం ఐదు నెలల్లో చెరిగిపోదు. ఇక వెగటుగా ఉన్నా ఎందుకు తాగానంటే, బెరిడ్జ్, రాబిన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1993లోనే చెప్పారట, కావాలనిపించడం వేరు, నచ్చడం వేరు, మెదడులో రెండింటి దారులూ వేరని. వ్యసనంలో కావాలనిపించడం పెరుగుతూ పోతుంది, నచ్చడం పెరగదు. నా చివరి పదేళ్లలో మందు నాకు ఒక్క రోజు కూడా నచ్చలేదు. ఈ మాట ఎవరితో చెప్పినా నమ్మేవాళ్లు కాదు.

అప్పుడు నేను ఆ పాత ప్రశ్న ఆవిడని అడిగాను. మరి మాల వేస్తే ఎలా మానేవాణ్ణి మేడమ్?

"మాలలో ఉన్నప్పుడు షట్టర్ ఎవరు దించేవారు?" అన్నారు.

నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. దీక్షలో నేను నాలుగింటికే షాపు వదిలేవాణ్ణి, సాయంత్రం పూజ కోసం. దారి వేరు, బట్టలు వేరు, పడక వేరు, నన్ను పిలిచే పేరే వేరు. రోజూ కలిసి తాగేవాళ్లు కూడా మాలలో ఉన్న మనిషికి ఎదురు పడకుండా పక్కకి తప్పుకునేవాళ్లు. నా మెదడు నేర్చుకున్న సంకేతాల్లో ఒక్కటి కూడా ఆ 41 రోజుల్లో తగిలేది కాదు. మాల తీసి మర్నాడు షాపుకి వెళ్తే అన్నీ ఒకేసారి తిరిగొచ్చేవి. మధ్యలో ఒకసారి మావాళ్లు నన్ను తాగుడు మాన్పించే ఒక సెంటర్లో నెల రోజులు తాళం వేసి ఉంచారు, అక్కడా అంతే, గుర్తే రాలేదు, బయటికొచ్చిన రోజే తాగాను. వియత్నాం యుద్ధంలో హెరాయిన్‌కి అలవాటు పడిన అమెరికా సైనికుల గురించి కూడా మేడమ్ చెప్పారు. 1970ల మొదట్లో లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వాళ్లని ఇంటికి తిరిగొచ్చాక వెతికి పట్టుకుని అడిగితే, ఎక్కువమంది మళ్లీ ఆ వ్యసనంలో పడలేదని తేలింది. చోటు మారింది, సంకేతాలు మారాయి. వాళ్లు ఊరు మారారు, నేను ఆటోనగర్ వదిలి ఎక్కడికి పోను? కాబట్టి ఊరిలోనే మార్చుకోగలిగినవి మార్చుకోమన్నారు.

మార్చాను. షట్టర్ కుర్రాడు దించుతాడు, అదీ నేను వెళ్లిన తర్వాత. ఐదింటికి ఆకలి ఉన్నా లేకపోయినా రెండు ఇడ్లీలు, ఎందుకంటే ఖాళీ కడుపుతో లాగుడు ఎక్కువ. మెయిన్ రోడ్డు వదిలేసి పటమట లోపలి సందుల్లోంచి ఇంటికి. శనివారం బట్వాడా పొద్దున్నే ఫోన్లో పంపించేస్తున్నాను. లాగుడు వచ్చినప్పుడు దానితో కుస్తీ పట్టకుండా టైము రాయమన్నారు మేడమ్, బిల్లు బుక్కు వెనక రాసేవాణ్ణి. "6.10 మొదలు, 6.29 తగ్గింది." "7.05, 7.20." ఇరవై నిమిషాలకి మించి ఎప్పుడూ లేదు. ఇరవై ఏళ్లు నన్ను ఆడించింది ఇరవై నిమిషాలకి ఆయాసపడి ఆగిపోతుందని ఆ అంకెలు చూసేదాకా నాకు తెలియదు. ఆ బిల్లు బుక్కు దాచుకున్నాను. తర్వాత తర్వాత మేడమే షట్టర్ చప్పుడు ఫోన్లో రికార్డు చేసుకుని రమ్మన్నారు. క్లినిక్‌లో ఆవిడ ఎదురుగా అది పదే పదే విన్నాను, మొదటి రోజు చెమటలు పట్టాయి. చప్పుడు వచ్చినా మందు రాదు అని మెదడుకి కొత్త పాఠం. పాత పాఠం పోదు, దాని పక్కన కొత్తది పేరుకుంటుంది, అందుకే జాగ్రత్త ఎప్పటికీ ఉండాలన్నారు.

ఆరు నెలలకి అంకెలు వెనక నుంచి అయిదు దాకా చెప్పగలిగాను. గడియారం ముళ్లు సరిగ్గా పెట్టాను. తాగుడుతో కుంచించుకుపోయిన మెదడు కొంతవరకు తిరిగి పుంజుకుంటుందని, మానేసిన మొదటి వారాలు, నెలల్లోనే ఆ మార్పు స్కాన్లలో కనపడిందని పరిశోధనలు ఉన్నాయట. నాకు స్కాన్ అక్కర్లేదు. ఎండాకాలంలో ఒక రోజు బాగా మాగిన రసాల మామిడిపండు తింటుంటే రుచి తెలిసింది. మధ్యలో ఎన్నో ఏళ్లుగా ఏ పండూ, ఏ పండగా, మా అమ్మాయి ఫస్ట్ క్లాసు మార్కులూ నాకు ఏ రుచీ ఇవ్వలేదు. ఆ రోజు చెయ్యంతా రసం కారుతుంటే మా ఆవిడ అలా చూస్తూ నిలబడింది.

మా బావ ఒకసారి అన్నాడు, "మెదడు జబ్బు అని చెప్పి చేసిన తప్పులన్నీ దాని మీద తోసేస్తున్నావు" అని. ఆయన చిన్నబుచ్చడానికి అనలేదు, నిజంగానే బాధపడి అన్నాడు. నేను ఆలోచించాను. మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టింది నా చేతులే, విడిపించాల్సిందీ నేనే, విడిపిస్తున్నాను, ఒక జత ఇంకా బ్యాంకులోనే ఉంది. జబ్బు అని తెలిశాక నా బాధ్యత తగ్గలేదు, ఏం చేయాలో తెలిసింది అంతే. షుగర్ ఉన్నవాణ్ణి నీకు బుద్ధి లేదని ఎవరూ తిట్టరు, కానీ మాత్రలు వేసుకోవాల్సింది వాడే కదా. మన దేశంలో తాగుడు వల్ల దెబ్బతిన్నవాళ్లూ, దానికి బానిసలైనవాళ్లూ కలిపి 5.7 కోట్ల పైనే అని ఢిల్లీ ఎయిమ్స్ చేసి కేంద్రం 2019లో విడుదల చేసిన సర్వే లెక్క. అంతమందికీ బుద్ధి లేకపోవడం ఎలా కుదురుతుంది? ఎక్కడికి వెళ్లాలో తెలియనివాళ్లు వ్యసనాలు మాన్పించే హెల్ప్‌లైన్ 14446 కి గానీ, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 కి గానీ ఫోన్ చేయండి, డబ్బులు పడవు, టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడతారు.

2023లో మేడమ్‌ని అడిగి మళ్లీ మాల వేసుకున్నాను. ఒంటిపూట భోజనం కదా, బిళ్లలు మూడు పూటలా ఎలా అంటే, తిండితో సంబంధం లేకుండా వేసుకోవచ్చన్నారు. విరమణ అయ్యాక మర్నాడు షాపు తెరవలేదు. ఆ వారమంతా అక్క వాళ్లింట్లో ఉన్నాం.

ఇంకొక్కటి మా ఆవిడ గురించి. రాత్రుళ్లు మా గేటు చప్పుడైతే చాలు, ఆవిడ ఏ పని చేస్తున్నా వదిలేసి గుమ్మంలోకి వచ్చేది. నా మొహం చూసేది, నడక చూసేది, టవల్ తీసుకునే వంకతో దగ్గరికొచ్చి ఊపిరి పీల్చేది. నేను మానేసి ఏడాది దాటినా వచ్చేది. మొదట్లో నాకు మనసు కష్టపడేది, ఇంకా నమ్మట్లేదా అని. నాకు షట్టర్ ఎలాగో ఆవిడకి ఆ గేటు అలాగని తర్వాత అర్థమైంది. ఇరవై ఏళ్లు గేటు చప్పుడు తర్వాత ఏం వచ్చేదో ఆవిడ ఒళ్లు నేర్చుకుంది. అందుకే నేనేమీ అనకుండా, గుమ్మంలో ఆగి, ఆవిడ చూసుకునేదాకా నిలబడేవాణ్ణి.

పోయిన ఆదివారం రాత్రి గేటు తీసి లోపలికొచ్చి అలవాటుగా గుమ్మంలో ఆగాను. ఎవరూ రాలేదు. వంటింట్లో పోపు చిటపటలు వినిపిస్తున్నాయి. లోపల్నుంచే కేకేసింది, "ఏవండీ, పెరుగు తెచ్చారా?"

మర్చిపోయాను. చెప్పులు విప్పకుండానే వెనక్కి వెళ్లాను.